సువాలీ రేవున దిగిన బోధకుడు

సూరతు పట్టణమునకు పడమర, తపతి నది సముద్రములో కలియు చోట హజీరా యున్నది. నేడచ్చట ఉక్కు కర్మాగారమును ఓడరేవును కలవు. సూరతు మగ్గములను నమ్ముకొని జీవించు మన తెలుగు కుటుంబములకు ఆ పేరు క్రొత్తది కాదు. హజీరాకు చేరువనే సువాలీ తీరము. నాలుగు వందల యేండ్ల క్రిందట ఆంగ్లేయుల ఓడలు అక్కడనే లంగరు వేయుచుండెను. 1616 సెప్టెంబరులో అట్టి యొక ఓడనుండి ఎడ్వర్డ్ టెరీ అను యువబోధకుడు దిగెను.

ఆయన 1590లో ఇంగ్లాండు దేశపు కెంటు ప్రాంతమున జన్మించి, ఆక్స్‌ఫర్డులో విద్య నభ్యసించెను. జహంగీరు చక్రవర్తి యొద్దకు రాయబారిగా వచ్చియున్న సర్ థామస్ రో యొక్క బోధకుడు మరణింపగా, ఆ స్థానమునకు టెరీ పిలువబడెను. రెండేండ్లు రాయబారి పరివారమునకు ప్రార్థనలు జరుపుచు, మాండూ, అహమ్మదాబాదులలో చక్రవర్తి దండు వెంట నుండెను. 1618లో అహమ్మదాబాదున జ్వరము ప్రబలి, తొమ్మిది దినములలో ఆ యింటి ఆంగ్లేయులలో ఏడుగురు మరణించిరి. టెరీ బ్రదికెను.

అంతకంటె లోతుగా ఆయనను గాయపరచిన సంగతి యొకటి కలదు. క్రైస్తవులు త్రాగుదురు, కొట్టుదురు, తిట్టుదురు, వారిది దయ్యపు మతము అని రేవు జనులు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకొనుట ఆయన వినెను. సరకునకు మరీ తక్కువ వెల యడిగినవానితో అచ్చటి వర్తకుడు, మోసగించుటకు తానేమి క్రైస్తవుడనా అని ప్రశ్నించుచుండెనట!

రాయబారి సూరతునకు వచ్చిన క్రొత్తలో జరిగిన సంగతిని టెరీ వివరముగా వ్రాసెను. రాయబారి వంటవాడు ఒక ఆర్మీనియా క్రైస్తవుని యింట ద్రాక్షారసము మితిమీరి త్రాగి, వీధిలో తూలుచుండెను. సూరతు అధిపతి సోదరుడు పరివారముతో ఎదురుపడెను. వంటవాడు ఒరలోని కత్తిని ఊతకఱ్ఱగా పట్టుకొని నిలిచి, ఆయనను అన్యుడనియు కుక్కయనియు దూషించెను. ఆ మాటలు తెలియని ఆ పెద్దమనిషి, ఏమనుచున్నావని తన భాషలో మర్యాదగా అడిగెను. వంటవాడు ఒరతో కూడ కత్తి నెత్తి ఆయనను కొట్టబోగా, సేవకులు పట్టుకొని చెరసాలకు కొనిపోయిరి. అల్లరి చేయువారిని కాపాడుటకు తాను రాలేదనియు, వానిని ఏమి చేసినను సమ్మతమేననియు రాయబారి వెంటనే కబురంపెను. పగ తీర్చుకొనుటకు ఇంతకంటె మంచి తరుణ మేమున్నది? ఆయన వానికి చిన్న దెబ్బయైనను తగులనీయక ఇంటికి పంపివేసెను.

ఆ దినమున కుక్క యను పేరు ఎవరికి తగునని టెరీ తన స్వదేశస్థులనే అడిగెను.

సాత్వికమనగా నోరులేనితనమని మనలో కొందరు తలంతురు. ఆ సూరతు ప్రభువునకు అధికారమును, సేవకులును, రాయబారి అనుమతియు నుండెను, ఉండియు ఊరకొనెను. సాత్వికుడనని చెప్పిన మన ప్రభువు గెత్సేమనేలో దూతల సేనలను పిలువగలిగియు పిలువలేదు. ఆయన నామమును ధరించినవాడు వంటవాడు. ఆయన పోలిక కనబడినది ఆ మహమ్మదీయునియందు. బోధకునికి ఇది మ్రింగుడుపడని నిజము. ఇతర మతములను గూర్చి టెరీ వ్రాసిన మాటలు కొన్ని నేడు మనకు కఠినముగా తోచును. ఆ విషయమున ఆయన తన కాలపు మనుష్యుడే. అయినను చూచిన మంచిని దాచలేదు. నెలకు ఐదు షిల్లింగుల జీతమునకు పనిచేసిన ఈ దేశపు సేవకుల నమ్మకత్వమును మెచ్చుకొని వ్రాసెను.

1619లో ఆయన స్వదేశమునకు మరలెను. 1629 మొదలు 1660లో మరణించువరకు లండనుకు పడమటనున్న గ్రీన్‌ఫర్డులో సంఘకాపరిగా నుండెను. ఆ మధ్యకాలముననే, 1642లో, ఇంగ్లాండున అంతర్యుద్ధము రేగెను. ప్రార్థనాక్రమమును గూర్చియు, రాజు అధికారమును గూర్చియు క్రైస్తవులు క్రైస్తవులను చంపుకొనిరి. 1649లో రాజు శిరస్సు ఖండింపబడెను. 1655లో, అరువదియైదవ యేట, టెరీ తన యాత్రావృత్తాంతమును పెంచి అచ్చు వేయించెను. వంటవాని కథ అందులో నున్నది. ఆ యుద్ధమును కన్నులార చూచిన తరమువారే దానిని చదివిరి.