స్వీపర్ జీతం, సర్జన్ చేతులు: వివియన్ థామస్ జీవితం

వివియన్ థామస్ 1910లో అమెరికాలో పుట్టారు. నల్లజాతి వడ్రంగి కొడుకు. డాక్టరు చదువుకని దాచుకున్న సొమ్ము 1930లో బ్యాంకు మునగడంతో పోయింది. ఆ ఏడాదే వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ అనే తెల్ల సర్జన్ దగ్గర పనికి కుదిరారు. చేసింది పరిశోధన. రికార్డుల్లో హోదా, చేతికిచ్చిన జీతం మాత్రం స్వీపర్‌వి.

దెబ్బతిన్న శరీరం షాక్‌లోకి పోయేది ఏదో విషం వల్ల కాదని, నాళాల్లోంచి రక్తం, ద్రవం పోవడం వల్లేనని అక్కడ కుక్కల మీద వాళ్లిద్దరూ చేసిన ప్రయోగాలు చూపాయి. 1941లో ఇద్దరూ జాన్స్ హాప్‌కిన్స్ చేరారు. అక్కడ పిల్లల గుండె వైద్యురాలు హెలెన్ టాసిగ్ ముందు నీలిరంగుకు తిరిగే పసిబిడ్డలున్నారు.

ఆ జబ్బు అర్థం కావాలంటే జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఈనే గొర్రెను తలుచుకుంటే చాలు. పిల్ల కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు పని లేదు. అటు పోవాల్సిన రక్తంలో ఎక్కువ భాగాన్ని ఒక చిన్న నాళం బృహద్ధమనిలోకి మళ్లిస్తుంది. పుట్టి ఊపిరి తీశాక ఆ నాళం మూసుకుంటుంది. కాన్పు కష్టమై ఊపిరాడకపోతే ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుంటాయి, రక్తం మళ్లీ పాత దారి పడుతుంది. మనిషి బిడ్డకూ ఇంతే. అయితే నీలిబిడ్డలకు ఊపిరితిత్తుల దారి పుట్టుకతోనే ఇరుకు. వాళ్లను బతికించేది ఆ చిన్న నాళమే. అది మూసుకోగానే ఒళ్లు మరింత నీలమయ్యేది.

అలాంటి నాళాన్ని చేత్తో కట్టే పని థామస్‌ది. సుమారు 200 కుక్కల మీద, చేతికి పోయే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కుట్టి చూశారు. 1944 నవంబర్ 29న ఒక పసిపాపకు బ్లాలాక్ ఆ ఆపరేషన్ చేస్తుంటే, వెనక స్టూలు మీద నిలబడి ప్రతి కుట్టుకూ దారి చూపింది థామస్.

1945లో వచ్చిన పరిశోధనా పత్రంలో బ్లాలాక్, టాసిగ్ పేర్లే ఉన్నాయి. ఎందరో సర్జన్లకు పని నేర్పిన థామస్‌కు 1976లో గౌరవ డాక్టరేట్ ఇచ్చారు, అదీ వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో. 1985లో కన్నుమూశారు.

ఈ కథ మనకు కొత్త కాదు. చచ్చిన గొడ్డును కోసి, ఏ అవయవం ఎక్కడుందో తరతరాలుగా ఎరిగిన మాదిగల తెలివిని ఎవరూ శాస్త్రం అనలేదు. శవపరీక్ష గదిలో కత్తి పట్టేది ఒకరు, సంతకం పెట్టేది మరొకరు. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదివే మన పిల్లలకు మేం చెప్పేదొకటే: ఆ ఆపరేషన్ పేరు చెప్పేటప్పుడు బ్లాలాక్, థామస్, టాసిగ్ అని మూడు పేర్లూ పలకండి. రేపు మీరు రాసే పత్రాల్లో, పనిచేసిన ప్రతి మనిషి పేరూ రాయండి.