58 ఏళ్ల వయసులో ఆంధ్రకు కెప్టెన్

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో దిగింది. జట్టు కొత్తది, కెప్టెన్ వయసు మాత్రం 58. మామూలుగా అయితే పెన్షన్ కాగితాలు సర్దుకునే వయసు. ఆ కెప్టెన్ పేరు కొట్టారి కనకయ్య నాయుడు, అదే మన సి.కె. నాయుడు.

గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఆయన ఒక బిట్. భారత టెస్ట్ జట్టు తొలి కెప్టెన్ ఎవరు? ఆన్సర్ టిక్ పెట్టి ముందుకు వెళ్లిపోతాం. నాకైతే ఆ పదవి వచ్చిన కథ కంటే, అది పోయాక ఆయన ఏం చేశాడన్నదే ఎక్కువ ఆసక్తి.

1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టాడు. హిస్లాప్ కాలేజీలో చదివాడు. 1916లో బొంబాయి క్వాడ్రాంగ్యులర్ టోర్నీలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద మొదటి పెద్ద మ్యాచ్. క్రీజులోకి వచ్చేసరికి జట్టు 79కి 7 వికెట్లు. మూడు బంతులు ఆపాడు, నాలుగో దాన్ని సిక్స్ కొట్టాడు. కొత్త కుర్రాడు చేసే పని కాదది!

అప్పట్లో క్రికెట్ ఆడితే జీతం రాదు. ఐపీఎల్ వేలాలు, సెంట్రల్ కాంట్రాక్టులు ఊహకు కూడా అందని కాలం. ఆటగాడికి డబ్బున్న ఇల్లైనా ఉండాలి, ఆదుకునే రాజైనా ఉండాలి. 1923లో ఇందూరు హోల్కర్ మహారాజా ఆయన్ని పిలిచి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. ఇవాళ రైల్వేలో స్పోర్ట్స్ కోటా అంటామే, దాదాపు అలాంటిదే. తర్వాత పేరు ముందు చేరిన కల్నల్ అనే మాట కూడా హోల్కర్ కొలువు నుంచి వచ్చిందే.

1926 డిసెంబర్ 1. బొంబాయి జింఖానా మైదానం. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు వచ్చింది. నాయుడు 116 నిమిషాల్లో 153 పరుగులు కొట్టాడు. 13 ఫోర్లు, 11 సిక్స్‌లు. ఒక బంతి జింఖానా పైకప్పు మీద పడింది. ఎంసీసీ వాళ్లే ముచ్చటపడి వెండి బ్యాటు బహూకరించారు. మనవాళ్లు కూడా ఇంగ్లండ్‌తో సమానంగా ఆడగలరన్న నమ్మకం ఆ ఇన్నింగ్స్‌తో గట్టిపడింది. రెండేళ్లకు, 1928లో, బీసీసీఐ ఏర్పడింది.

ఇక 1932. భారత్ తొలి టెస్ట్ ఆడటానికి ఇంగ్లండ్ వెళ్లింది. కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా, వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుటుంబీకుడు. నాయకత్వం అంటే రాజుల ఇంటి వ్యవహారమే అప్పుడు. అయితే పోర్‌బందర్ మహారాజాకు తన ఆట సంగతి తనకు తెలుసు, టెస్ట్ నుంచి హుందాగా తప్పుకున్నాడు. లింబ్డీకి గాయమైంది. అలా జూన్ 25న లార్డ్స్‌లో నాయుడికి పగ్గాలు దక్కాయి. రాజు కానివాడి కింద ఆడటం జట్టులో కొందరికి మింగుడు పడలేదు కూడా.

మ్యాచ్ మొదలవగానే ఇంగ్లండ్ 19కి 3 వికెట్లు! చివరికి మనం 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. కానీ చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టు టాప్ స్కోరు నాయుడిదే, 40. ఆ టూర్‌లో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో 1,618 పరుగులు, 65 వికెట్లు. విజ్డెన్ వాళ్లు 1933లో ఏటా ఎంచే ఐదుగురు క్రికెటర్లలో ఆయన్ని చేర్చారు.

1933-34లో జార్డిన్ జట్టు వచ్చినప్పుడూ ఆయనే కెప్టెన్. ఇంత ట్రాక్ రికార్డు ఉన్నవాడికి 1936 ఇంగ్లండ్ టూర్ పగ్గాలు ఎవరైనా ఇస్తారనుకుంటాం. ఇవ్వలేదు. కెప్టెన్సీ విజ్జీకి వెళ్లింది. విజ్జీ అంటే మన విజయనగరం రాజకుమారుడే. డబ్బు, పలుకుబడి దండిగా ఉన్నాయి, ఆట అంతంత మాత్రం. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. లాలా అమర్‌నాథ్‌ని టెస్టులు మొదలవకముందే ఇంటికి పంపేశారు. జట్టు వర్గాలుగా చీలింది.

ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఈ సీన్ కొత్త కాదు. మొన్నటిదాకా టీమ్ లీడ్, ఇవాళ తనకంటే పని తక్కువ తెలిసిన మేనేజర్ కింద. చాలామంది పేపర్లు పెట్టేస్తారు, లేదా పని తగ్గించేస్తారు. నాయుడు ఓవల్‌లో చివరి టెస్ట్ రెండో ఇన్నింగ్స్‌లో గబ్బీ అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలినా నిలబడి 81 కొట్టాడు. ఏడు టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే. అప్పటికి వయసు 40. మళ్లీ టెస్ట్ ఆడలేదు. టెస్ట్ లెక్క 350 పరుగులు, 9 వికెట్లు. గూగుల్‌లో ఆ అంకెలు మాత్రమే చూసినవాడు ఈయన మామూలు ఆటగాడే అనుకుని ట్యాబ్ మూసేస్తాడు.

అసలు పని ఇందూరులో మొదలైంది. హోల్కర్ జట్టును ఆయన తయారు చేశాడు. ముస్తాక్ అలీ, సర్వటే, సొంత తమ్ముడు సి.ఎస్. నాయుడు అందులో ఉన్నారు. క్రమశిక్షణ విషయంలో పరమ కఠినుడు, కుర్రాళ్లకు ఆయనంటే హడల్. ఫలితం చూడండి. 1944-45 నుంచి తొమ్మిది సీజన్లలో ఎనిమిదిసార్లు రంజీ ఫైనల్, నాలుగుసార్లు కప్పు. 50 ఏళ్ల వయసులో బరోడా మీద 200 కొట్టాడు. 56 ఏళ్లప్పుడు బొంబాయితో ఆడుతుంటే ఫడ్కర్ బంతి తగిలి పళ్లు రాలాయని, వాటిని పక్కకు తోసేసి మళ్లీ స్టాన్స్ తీసుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆంధ్రకు వచ్చింది దీని తర్వాతే. టెస్ట్ కెప్టెన్సీ చేసి, నాలుగు రంజీలు గెలిచినవాడు ఓనమాలు దిద్దుతున్న జట్టుకు సారథిగా రావడం చిన్న విషయం కాదు. ఇప్పుడు రామచంద్రపురం కుర్రాడెవరైనా ఆంధ్ర అండర్-23కి సెలెక్ట్ అయితే ఆడేది కల్నల్ సి.కె. నాయుడు ట్రోఫీలోనే. ఆ పేరున్నాయన ఒకప్పుడు అదే ఆంధ్ర జట్టుతో కలిసి గ్రౌండ్‌లోకి నడిచాడని ఎంతమందికి తెలుసో మరి.

1956లో పద్మభూషణ్ వచ్చింది. అవార్డు వచ్చింది కదా అని బ్యాటు గోడకు తగిలించలేదు. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడి, 61 ఏళ్ల వయసులో ఒక ఇన్నింగ్స్‌లో 84 కొట్టాడు. మొత్తం ఫస్ట్ క్లాస్ లెక్క 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 411 వికెట్లు. చివరి మ్యాచ్ 1963లో ఒక చారిటీ పోటీ. 1916లో మొదలుపెట్టినవాడు 68 ఏళ్లకు ప్యాడ్లు విప్పాడు. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1967 నవంబర్ 14న ఇందూరులోనే కన్నుమూశాడు.