మే 22: రామమోహన్ రాయ్‌తో పాటు మన భాగ్యరెడ్డి వర్మ

మే 22 అనగానే పోటీ పరీక్షలకు చదివే మన విద్యార్థులకు ముందుగా గుర్తొచ్చే పేరు రాజా రామమోహన్ రాయ్. 1772లో అదే రోజున పుట్టిన ఆయన బెంగాలీలో సంవాద్ కౌముది, పర్షియన్‌లో మిరాత్ ఉల్ అఖ్బార్ నడిపారు. పత్రికలకు లైసెన్సు తప్పనిసరి చేసిన 1823 నాటి ఆంక్షలకు నిరసనగా మిరాత్‌ను మూసేశారు. భారతీయ పత్రికా రంగ చరిత్ర రాసేవారెవరూ ఆ పేరును దాటిపోలేరు.

అదే తేదీన, 1888లో, హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో మరో పత్రికా సంపాదకుడు పుట్టాడు. ఆయన మాదరి భాగయ్య. తల్లి రంగమాంబ, తండ్రి వెంకయ్య. ఆయన్ని మనం భాగ్యరెడ్డి వర్మగా తలుచుకుంటున్నాం. ఈ పేరును పరీక్షల్లో ఎందరు విన్నారో మన విద్యార్థులే చెప్పాలి.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. రెడ్డి అన్న మాట రేడు నుంచి వచ్చిందనీ, ఈ నేలను ఏలినవాళ్లు ఆదివాసులైన అంటరానివాళ్లేననీ చెప్పి, కుటుంబ గురువు భాగయ్యను భాగ్యరెడ్డిగా మార్చారు. 1913లో ఆర్యసమాజం వారు వర్మ అన్న బిరుదు ఇచ్చారు. ఊరి పెద్దల ముందు దళితుడు తన పేరు పూర్తిగా పలకడమే తప్పయిన కాలం అది. రెడ్డి, వర్మ అని పిలిపించుకోవడం ఎంత పెద్ద సవాలో మనం ఊహించుకోవచ్చు.

1906లో ఆయన జగన్మిత్ర మండలి స్థాపించారు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు. బొంబాయిలో అంబేడ్కర్ ఇంకా హైస్కూలు విద్యార్థి. చదువురాని జనానికి కరపత్రం పంచితే ఏం లాభం? అందుకే మండలి హరికథను ఎంచుకుంది. వాడల్లో జనాన్ని కూర్చోబెట్టి, కథ చెబుతూ చదువు గురించి, తాగుడు మానడం గురించి, ఆడపిల్లలను దేవుడికి వదిలే జోగిని ఆచారం గురించి మాట్లాడారు. జనానికి వినోదమైన కళే ఉద్యమానికి తొలి బడి అయింది. తర్వాత ఊరూరా పాటలతో, డప్పులతో సాగిన దళిత సాంస్కృతిక ఉద్యమాలు ఈ దారిలోనివే.

1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో దళిత పిల్లలకు తెలుగులో చదువు చెప్పించారు. 1930ల నాటికి ఆ బడులు 26 అయ్యాయి. సుమారు 2,500 మంది పిల్లలు వాటిలో చదివారు.

1917 నవంబరులో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు ఆయన అధ్యక్షుడు. పంచములు అన్న మాట మాకు వద్దని, మేం ఈ నేల తొలి బిడ్డలమని అక్కడ వాదించారు. ఆ సభే ఆది ఆంధ్ర మహాజన సభగా పేరు మార్చుకుంది. నిజాం రాజ్యంలోనూ అదే పోరు చేసి, 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు అన్న పేరు నమోదయ్యేలా చూశారు. 1930లో లక్నోలో జరిగిన అఖిల భారత అణగారిన వర్గాల సభకు అధ్యక్షత వహించి, రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లే అంబేడ్కర్‌కు మద్దతు పలికారు.

1931లో భాగ్యనగర్ పత్రిక మొదలైంది. అది తెలుగు పక్షపత్రిక. మన వార్త ఎవరూ వేయనప్పుడు మన పత్రిక మనమే పెట్టుకోవాలన్న పని అది. అందులోనే వెట్టి మాదిగ అన్న కథ కూడా రాశారు. తెలంగాణ తొలితరం దళిత కథల్లో దానిదొక ముఖ్యమైన చోటు. 1937లో పత్రిక పేరు ఆది హిందువుగా మారింది. 1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు.

ఆయనను విమర్శ లేకుండా తలుచుకోవాలని మేము అనడం లేదు. ఆయన కాలంలోనే నాయకత్వం మాలల చేతుల్లోనే ఉందని మాదిగలు ప్రశ్నించారు. అరుంధతీయుల పేరుతో సొంత సంఘాలు పెట్టుకున్నారు. ఆ ప్రశ్న నేటికీ మన మధ్య ఉంది. జయంతి సభల్లో దాన్ని దాచకుండా మాట్లాడుకోవాలి.

ఇదే మే 22న, 1914లో, అమెరికాలోని అలబామాలో ఒక నల్లజాతి బిడ్డ పుట్టాడు. పెట్టిన పేరు హెర్మన్ బ్లౌంట్. పెద్దయ్యాక జాజ్ సంగీతంలో సన్ రాగా ప్రపంచానికి తెలిశాడు. యుద్ధంలో చేరనన్నందుకు 1942లో జైలుపాలయ్యాడు. 1952లో పాత పేరును చట్టపరంగానే వదిలేశాడు. బానిసత్వపు ముద్ర ఉన్న పేరు తనది కాదన్నాడు. హైదరాబాద్ భాగయ్యకూ అలబామా హెర్మన్‌కూ ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశమే లేదు. అయినా ఇతరులు తగిలించిన పేరుతో బతకకూడదన్న పట్టుదల ఇద్దరిదీ ఒకటే.

ఏప్రిల్ 11న ఫూలేను, 14న అంబేడ్కర్‌ను తలుచుకునే మనం, మే 22ను కూడా ఆ వరుసలో చేర్చుకుందాం. సెలవుల్లో హాస్టళ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి సభ వాడలోనే పెడదాం. ఒక హరికథ చెప్పించి, వెట్టి మాదిగ కథ చదివించి, పిల్లలకు ఆయన పేరు మొత్తం నేర్పుదాం: మాదరి భాగ్యరెడ్డి వర్మ.