నటీమణి వినోదినీదాసి

నాట్యము పంచమవేదమని భరతాచార్యుని కాలము నుండియు పెద్దలు కొనియాడుచున్నారు. కాని ఆ వేదమును కంఠమునను దేహమునను ధరించిన స్త్రీలకు లోకము చప్పట్లు కొట్టినదే గాని సభలో పీట వేయలేదు. ఈ వైపరీత్యమునకు వంగదేశపు నటీమణి వినోదినీదాసి చరిత్రము కంటె స్పష్టమైన నిదర్శనము వేరొకటి కానరాదు.

వినోదిని 1863వ సంవత్సరమున కలకత్తా నగరమున కార్న్‌వాలిస్ వీథిలోని యొక పేద యింట జన్మించెను. లోకము కులస్త్రీలుగా నెన్నని వారి యిల్లది. మగదిక్కు లేదు. తల్లియు అమ్మమ్మయు గదులు అద్దెకిచ్చుకొని కాలము గడుపుచుండిరి. ఒక్కగానొక్క తమ్ముడు పసితనముననే గతించెను. ఆ యింట అద్దెకుండిన గంగాబాయి యను గాయని యొద్ద బాలికకు సంగీతము అబ్బెను.

అంతకు ముందు వంగ రంగస్థలమున స్త్రీ పాత్రలను పురుషులే ధరించుచుండిరి. 1873లో బెంగాల్ థియేటరువారు మైకేల్ మధుసూదన దత్తుని సలహాపై నలుగురు స్త్రీలను నియమించి ఆ కట్టు తెంచిరి. ఆ మరుసటి యేడు వినోదిని నెలకు 10 రూపాయల జీతముపై గ్రేట్ నేషనల్ థియేటరున చేరెను. అప్పటికామెకు పదునొకండేండ్లు. తొలి వేషము ద్రౌపదికి చెలికత్తె. రంగమున కాలుపెట్టగనే గుండె దడదడలాడినను, చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి సభ్యుల మెప్పు గొనెను.

1875లో ఆ సమాజమువారు ఉత్తరదేశ యాత్ర సాగించిరి. లక్నోలో నీలిమందు దొరల దౌర్జన్యమును చూపు నీలదర్పణ నాటకము ఆడుచుండగా, రైతు దొరను కొట్టు ఘట్టమున ప్రేక్షకులలోని తెల్లసోల్జరులు కత్తులు దూసి రంగముపై కురికిరి. ఆట నిలిచెను. నటకులు ప్రాణములు దక్కించుకొని ఆ యూరు వీడిరి. సరళ పాత్రధారిణియైన వినోదిని నాటికింకను బాలికయే.

పిదప ఆమె బెంగాల్ థియేటరునను, నేషనల్ థియేటరునను పనిచేసెను. నేషనల్ థియేటరున నటకవి గిరీశచంద్ర ఘోషు ఆమెకు గురువయ్యెను. కథలోని పాత్ర హృదయమెట్టిదో, పరదేశముల నటీమణులు ఎట్లు నటింతురో ఆయన విడమరచి చెప్పగా, ఆమె వినినదెల్ల అభినయముగా మార్చుకొనెను. మేఘనాదవధ నాటకమున ప్రమీల, సీత మొదలుగా ఏడు పాత్రలను ఆమె యొక్కతయే ధరించెను.

నేషనల్ థియేటరు యజమానితో జీతముల తగవు పొసగి గిరీశుడును సహచరులును వెలికి వచ్చిరి. సొంత నాటకశాల కావలెను, ధనము లేదు. అప్పుడు గురుముఖరాయ్ అను మార్వాడీ యువకుడు, వినోదిని తన యండ చేరినచో నాటకశాల కట్టింతునని చెప్పెను. నాటకశాల మాట మానినచో ఆమెకే 50,000 రూపాయలు ఇత్తుననియు ఆశపెట్టెను. వినోదిని ధనమును త్రోసిపుచ్చి నాటకశాలనే కోరెను. సహచరుల మేలునకై తన్నుతాను ఒడ్డుకొనెను. బీడన్ వీథిలో కట్టడము సాగుచుండగా మట్టితట్టలు స్వయముగా మోసెను. పని త్వరపడుటకు కూలీలకు తట్టకిన్ని గవ్వలని పంచిపెట్టెను.

ఆ నాటకశాలకు ఆమె పేరు పెట్టుదుమని అందరును మాట యిచ్చియుండిరి. కాని రిజిస్ట్రీ కచేరినుండి తిరిగివచ్చినవారు చెప్పిన పేరు వేరు. దస్తావేజున వ్రాయబడినది స్టార్ థియేటరు. వేశ్య పేరిట నున్న శాలకు పెద్దమనుష్యులు రారని వారు భయపడిరని చెప్పుదురు. 1883 జూలై 21వ తేదీన దక్షయజ్ఞముతో ఆ శాల తెరువబడెను. సతీదేవి వేషము వినోదినిదే. తండ్రి యింట మానభంగము నొందిన సతిని ఆమె ఆడుటకు ఏ శిక్షణము కావలసియుండును? కొలదికాలమునకే గురుముఖరాయ్ నాటకశాలను విడువదలచి, అందామెకు భాగముండవలెనని కోరెను. గిరీశుడు ఆమె తల్లికి నచ్చజెప్పి అదియు మాన్పించెను. శాల 11,000 రూపాయలకు నలుగురు సహచరుల పరమయ్యెను.

1884 ఆగష్టు 2వ తేదీన చైతన్యలీల ప్రదర్శింపబడెను. చైతన్యుని వేషమునకై ఆమె ఉపవాసములుండి గంగాస్నానము లాచరించెను. సెప్టెంబరు 21వ తేదీన శ్రీరామకృష్ణ పరమహంస ఆ నాటకమును చూచి పరవశుడై, ఆట ముగిసిన పిమ్మట తన పాదములకు మ్రొక్కిన నటిని ఆశీర్వదించెను. కడు వ్యాధిగ్రస్తుడై ఆయన శ్యామపుకూరున నుండగా, అందరిని లోనికి పోనీయకుండిరి. వినోదిని దొరవేషము ధరించి ఆయన దర్శనము చేసివచ్చెను. ఆమె వేషములలో ధనాపేక్షగాని కీర్త్యపేక్షగాని లేనిది అది యొక్కటి.

1887 ప్రారంభమున, ఇరువదినాలుగేండ్లు నిండకమునుపే, ఆమె రంగస్థలము వీడెను. సహచరుల వంచనలు అందులకు ముఖ్యకారణము. పిదప కుమార్తె శకుంతలను బడిలో వేయ ప్రయత్నింపగా, పుట్టుక అడ్డు వచ్చెను. ఆ బిడ్డయు 1904లో గతించెను.

ఇక మిగిలినది లేఖిని. కవితాసంపుటములు వెలువరించిన పిదప, 1912లో ఆమె ఆత్మకథ వ్రాసెను. గురువగు గిరీశుడు దానికి వ్రాసిన పీఠికలో నిజములు కొన్ని విడిచెనని ఆమె ఒప్పుకొనలేదు. మరల వ్రాయుడని కోరెను. వ్రాయకమునుపే ఆయన పరమపదించెను. గురువుపై భక్తి వేరు, సత్యముపై పట్టుదల వేరు. రెండును ఆమెయందు చెడక నిలిచెను.

1941లో వినోదిని కన్నుమూసెను. బీడన్ వీథిలోని శాల అంతకు చాల మునుపే చేతులు మారెను. కార్న్‌వాలిస్ వీథిలో 1888లో వెలసిన రెండవ స్టార్ థియేటరు 1991లో అగ్నికి ఆహుతియై మరల లేచెను. ఆ శాలకు వినోదిని పేరు పెట్టుదుమని బెంగాల్ ప్రభుత్వము 2024 డిసెంబరులో ప్రకటించెను. దస్తావేజున తప్పిన పేరు ఫలకముపైకి వచ్చుటకు నూటనలుబది యేండ్లు దాటెను.

అంతవరకును ఆ పేరును కాపాడినది ఆమె వ్రాసిన చిన్న పుస్తకము. రిజిస్ట్రీలో దిద్దివేసినను, గ్రంథాలయపు అరలోని పుస్తకమున దిద్దివేయుట ఎవరికిని సాధ్యము కాలేదు.