తన చేతి నరాన్ని తానే కోయించుకున్న డాక్టర్



స్కూలు బస్సు వచ్చే వేళకు పాప కడుపు నొప్పి అంటుంది. అది నిజమా, సాకా? తాకి చూసినా, నుదుటి మీద చెయ్యి పెట్టినా మీకు తెలియదు. జ్వరాన్ని కొలవడానికి థర్మామీటర్ ఉంది కానీ, నొప్పిని కొలిచే పరికరం లేదు. నూట ఇరవై ఏళ్ల క్రితం లండన్‌లో హెన్రీ హెడ్ అనే డాక్టర్‌కు కూడా ఇదే చిక్కు ఎదురైంది.

ఆయన 1861లో, పదకొండు మంది పిల్లల ఇంట్లో పెద్దవాడిగా పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదివి, లండన్ హాస్పిటల్‌లో చేరారు. లోపలి అవయవానికి జబ్బు చేస్తే నొప్పి చర్మం మీద ఎక్కడ తెలుస్తుందో రోగులను ఓపిగ్గా అడిగి, పటాలు గీశారు. ఆ చోట్లను వైద్యులు నేటికీ హెడ్ జోన్లు అంటారు. గుండెపోటులో ఎడమ చెయ్యి లాగడం ఇలాంటిదే. అపెండిక్స్ వాచినప్పుడు నొప్పి తరచుగా బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల తర్వాత కుడివైపు కిందికి జరుగుతుంది.

నరాలు తెగిన రోగులను కూడా హెడ్ పరీక్షించేవారు. గంటల తరబడి ప్రశ్నలు వేస్తే వాళ్లు అలసిపోయేవారు. ఏమనిపిస్తోందో చెప్పడానికి మాటలు దొరికేవి కావు. చివరికి 1903 ఏప్రిల్ 25న, నలభై ఒకటో ఏట, తన ఎడమ చేతిలో చర్మానికి స్పర్శనిచ్చే నరాలను మోచేతి దగ్గర కోయించి, కొసలను మళ్లీ కుట్టించుకున్నారు. స్పర్శ తిరిగి వస్తుందో రాదో తెలియకుండానే ఆ పనికి సిద్ధపడ్డారు.

ఆ తర్వాత నాలుగేళ్లపాటు తీరిక దొరికినప్పుడల్లా కేంబ్రిడ్జ్‌లోని మిత్రుడు రివర్స్ గదికి వెళ్లేవారు. హెడ్ కళ్లు మూసుకుని కూర్చుంటే, రివర్స్ దూదితో, సూదితో, వేడి వస్తువులతో, చల్లని వస్తువులతో తాకి చూసేవారు. మొదట్లో చేతి వెనక భాగాన దూది తెలియలేదు, సూది కూడా తెలియలేదు. గట్టిగా నొక్కితే మాత్రం తెలిసింది. చర్మం కింది కండరాలకు వెళ్లే నరాలు బాగానే ఉన్నాయి కదా! కొన్ని వారాలకు ముందుగా నొప్పి తిరిగి వచ్చింది. కానీ అది ఎక్కడ గుచ్చారో తెలియకుండా చుట్టూ పాకే మొరటు నొప్పి. దూది తాకిడిని పట్టుకుని, సరిగ్గా ఆ చోటు చూపించగల సున్నితమైన స్పర్శ రావడానికి ఇంకా చాలా నెలలు పట్టింది.

ఈ రెండింటికీ వేర్వేరు నరాల వ్యవస్థలున్నాయని ఆయన 1908లో ప్రకటించారు. తర్వాతి పరిశోధకులు ఆ సిద్ధాంతాన్ని యథాతథంగా ఒప్పుకోలేదు. అయితే స్పర్శకూ నొప్పికీ వేర్వేరు నాడీ తంతువులు ఉన్నాయని మాత్రం రుజువైంది.

ఈ తేడా మీకూ అనుభవమే. కాలి వేలు గడపకు తగిలితే ముందు చురుక్కుమంటుంది, ఆ తర్వాత మంట మొదలవుతుంది. కొవ్వు పొర ఉన్న సన్నని తంతువులు చురుకును సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో మోస్తాయి. పొర లేని మరీ సన్నని తంతువుల్లో మంట సెకనుకు సుమారు ఒక మీటరు చొప్పున నిదానంగా వస్తుంది. స్పర్శను మోసే లావు తంతువులు ఈ రెండింటికన్నా వేగం. దెబ్బ తగిలిన చోట మీరు చేత్తో రుద్దితే ఆ స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలను కొంత అడ్డుకుంటాయి. అమ్మ చెయ్యి పడగానే బిడ్డ ఏడుపు తగ్గడానికి ఇదీ ఒక కారణమే.

హెడ్‌కు 1927లో సర్ బిరుదు వచ్చింది. అప్పటికే ఆయనకు పార్కిన్సన్ జబ్బు ఉంది. నరాల డాక్టర్ కనుక అది ఎటు తీసుకెళ్తుందో ఆయనకు తెలియనిది కాదు. 1940లో కన్నుమూశారు.

మీరు నరం కోయించుకోనక్కర్లేదు, అడిగితే చాలు. ఎక్కడ? గుచ్చినట్టుందా, మండుతోందా, లాగుతోందా? పొద్దుటి చోటే ఉందా, జరిగిందా? నొప్పి చోటు మారినా, పెరుగుతున్నా, తిమ్మిరి తగ్గకపోయినా డాక్టర్‌కు చూపించండి. అది సాకేనని తేలినా నష్టం లేదు. మీరు వింటారని బిడ్డకు తెలుస్తుంది.