ఆచార్య మేఘనాద సాహా

విద్య ఎప్పుడు, ఎక్కడ, ఏ విధమున అక్కరకు వచ్చునో ముందుగా నెవ్వరికిని తెలియదు. పొలమున చల్లిన విత్తనము నాలుగు మాసములలో ఫలించును. నేర్చిన విద్య ఒక్కొక్కప్పుడు పది సంవత్సరములకు గాని ఫలింపదు. కళాశాలలో చేరునప్పుడును, పై చదువుల పరీక్షలకు సిద్ధపడునప్పుడును ఏ విషయమును తీసికొనవలెనను ప్రశ్న ప్రతి పేద విద్యార్థి యింటను పుట్టుచున్నదే. ఆంగ్లమునకు తోడు మరియొక పరభాష నేర్చుట వలన ప్రయోజనమేమియని పెద్దలును, ఉన్న చదువే బరువైనదని పిల్లలును తలంచుట సహజము. అట్టి సందేహము కలిగిన వేళ తప్పక స్మరింపదగినది ఆచార్య మేఘనాద సాహా జీవితము.

మేఘనాదుడు 1893వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన తూర్పు బెంగాలునందలి ఢాకా జిల్లాలో శేవరతలి యను కుగ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశమున చేరియున్నది. తండ్రి జగన్నాథ సాహా ఊరిలో చిన్న పచారి కొట్టు నడుపుకొనుచుండెను. తల్లి భువనేశ్వరీదేవి. ఎనమండుగురు సంతానములో నితడు ఐదవవాడు. పుట్టిన నాటి రాత్రి గాలివాన చెలరేగుటచే, మేఘములకు అధిపతియైన ఇంద్రుని తలచుకొని మేఘనాథుడని పేరిడిరి. పెరిగిన పిదప ఆ పేరును తానే మేఘనాదుడని మార్చుకొనెను. రామాయణమున మేఘనాదుడనగా రావణుని కుమారుడు. ఇంద్రుని జయించి ఇంద్రజిత్తనిపించుకొన్న వీరుడు. ఇంద్రుని పేరు విడిచి ఇంద్రుని గెలిచినవాని పేరు ధరించుట ఆయన స్వభావమునకు మిక్కిలి తగియున్నది.

కొడుకునకు చదువు పెద్దగా అక్కరలేదనియు, కొట్టులో కూర్చుండి తూకము వేయుట నేర్చిన చాలుననియు తండ్రి అభిప్రాయము. ఊరి బడిలోని చదువు ముగియగానే పై చదువునకు దారి కనబడలేదు. ఆంగ్లము నేర్పు మధ్యమ పాఠశాల సుమారు 10 కిలోమీటర్ల దూరమున సిమూలియా గ్రామమున నుండెను. దినదినము నడచివచ్చుటకు సాధ్యము కాదు. అచ్చట ఉంచి చదివించుటకు ధనము లేదు. పెద్దన్న జయనాథుడు తిరిగి తిరిగి తుదకు ఆ గ్రామపు వైద్యుడగు అనంతకుమార దాసును ఆశ్రయించెను. ఆ దయామయుడు బాలునకు తన యింట భోజనవసతులిచ్చుటకు అంగీకరించెను. ఇంటి ఆవును చూచుకొనుట, తాను తిన్న పాత్రలను తానే కడుగుకొనుట బాలుని వంతు. ఆవునకు గడ్డివేసిన చేతులతోనే లెక్కలు చేసి, మధ్యమ పరీక్షలో ఢాకా జిల్లా మొత్తమునకు ప్రథముడుగా నెగ్గెను. నెలకు 4 రూపాయల విద్యార్థి వేతనము లభించెను.

1905లో ఢాకా నగరమునందలి ప్రభుత్వ పాఠశాలలో చేరెను. వేతనము 4 రూపాయలు, అన్న తన 20 రూపాయల జీతములోనుండి పంపు 5 రూపాయలు, వైశ్య సమితివారు దయతో ఇచ్చు 2 రూపాయలు, వెరసి 11 రూపాయలు ఆ బాలుని నెలసరి ఆదాయము. కూడు, గుడ్డ, పుస్తకములు అన్నియు అందులోనే. ఆ సంవత్సరమే వంగ విభజనము జరిగి దేశమంతయు అట్టుడికినట్లుడికెను. గవర్నరు ఫుల్లరు పాఠశాలను చూడవచ్చిన సందర్భమున విద్యార్థులు పలువురు నిరసన తెలిపిరి. అందు మేఘనాదుడును ఉండుటచే పాఠశాలనుండి తొలగింపబడెను, వేతనమును పోయెను. పన్నెండేండ్ల పేద బాలునకు ఇంతకు మించిన దెబ్బ లేదు. అదృష్టవశమున కిశోరీలాల్ జూబిలీ పాఠశాలవారు జీతము లేకుండ చేర్చుకొనిరి. 1909లో ప్రవేశ పరీక్షయందు తూర్పు బెంగాలు విద్యార్థులందరిలో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను.

పిమ్మట ఢాకా కళాశాలలో ఇంటర్మీడియెటు చదువునకు చేరెను. ఆయన జీవితమున ముఖ్యమైన ఎన్నిక జరిగినది ఇచ్చటనే. గణితము, భౌతికము, రసాయనము అను శాస్త్రములతోపాటు అదనపు విషయముగా జర్మను భాషను తీసికొనెను. వియన్నా నగరమున పరిశోధన చేసి డాక్టరు పట్టముతో తిరిగివచ్చిన నగేంద్రనాథ సేను అను అధ్యాపకుడు ఆ భాషను చెప్పుటకు ముందుకు వచ్చెను. ఆంగ్లమే పరభాష; దానిపై జర్మను రెండవ పరభాష. వినుటకు ఊరిలో పలుకువారు లేరు, చదువుటకు చేతిలో పుస్తకములు లేవు. విద్యార్థి వేతనముపై బ్రతుకువానికి మార్కులే భుక్తి. సులభమైన విషయమును తీసికొని స్థానము నిలుపుకొనుట లోకుల తెలివి; క్రొత్త భాషను నెత్తికెత్తుకొనుట సాహసము. కాని ఆ దినములలో భౌతిక రసాయన శాస్త్రముల క్రొత్త విషయములు పెక్కు జర్మను పత్రికలలోనే ప్రకటితమగుచుండెను. అవి ఆంగ్లమునకు వచ్చుసరికి ఏండ్లు గడచుచుండెను, కొన్ని రానేరావు. ఊటకడకు పోయి నీరు త్రాగదలచినవానికి ఆ భాష తప్పదు. మేఘనాదుడు 1911లో పరీక్షకు కూర్చుండి విశ్వవిద్యాలయమునందు తృతీయ స్థానమును పొందెను. రసాయన గణితములలో ప్రథముడయ్యెను. క్రొత్త భాష ఆయన చదువునకు అడ్డు కాలేదు.

తరువాత కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల. జగదీశచంద్ర వసు, ప్రఫుల్లచంద్ర రాయి వంటి మహానుభావులు గురువులు. సత్యేంద్రనాథ వసు సహాధ్యాయి. 1913లో బి.యస్సీ. పరీక్షలోను, 1915లో యం.యస్సీ. పరీక్షలోను సత్యేంద్రుడు ప్రథముడు, మేఘనాదుడు ద్వితీయుడు. అయినను వారి స్నేహము చెడలేదు. వసతిగృహమున మాత్రము అవమానము తప్పలేదు. ఆయన పుట్టిన కులమును తక్కువగా చూచెడి కొందరు విద్యార్థులు తమతో సహపంక్తిని భుజింపనీయలేదు. సరస్వతీ పూజయందు పాల్గొననీయలేదు. సరస్వతి కటాక్షము ఎవ్వరిపై నుండెనో కాలమే తీర్పు చెప్పినది.

చదువు ముగించి, ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగ పరీక్షకు కూర్చుండదలచెను. ఆ కొలువు దొరికిన కుటుంబ దారిద్ర్యము తీరును. కాని విప్లవకారులతో పరిచయము కలదను అనుమానముచే ప్రభుత్వము అనుమతి నిరాకరించెను. 1916లో సర్ ఆశుతోష ముఖర్జీ క్రొత్తగా నెలకొల్పిన విజ్ఞాన కళాశాలలో ఉపన్యాసకుడుగా నియమించెను. మొదట గణిత శాఖ, ఆపైన భౌతిక శాఖ. తాను కళాశాలలో చదువని క్రొత్త విషయములను రాత్రి చదువుకొని పగలు బోధింపవలసి వచ్చెను. అప్పుడు ఐరోపాలో మహాసంగ్రామము జరుగుచుండుటచే జర్మను పత్రికలు రాకుండెను. శివపురపు ఇంజనీరింగు కళాశాలయందున్న ఆచార్య బ్రూల్ కడ జర్మను గ్రంథములు కలవని తెలిసి, సాహా, వసు మిత్రులిద్దరును వానిని తెచ్చుకొని చదివిరి. ప్లాంకు మొదలగువారి గ్రంథములు వారికట్లు లభించెను. ఒక మనిషి బీరువాలోని పుస్తకములు రెండు జీవితములను వెలిగించెను. గ్రంథాలయమనగా ఇదియే గదా.

1919 మే 29వ తేదీ నాటి సంపూర్ణ సూర్యగ్రహణమున జరిగిన పరిశీలనలవలన ఐన్‌స్టైను సిద్ధాంతము లోకమంతట మారుమ్రోగెను. మూలము జర్మనులో నుండుటచే మన దేశమున చదువగలవారు కొద్దిమందియే. సాహా, వసు కలసి ఐన్‌స్టైను, మింకోవ్‌స్కీల మూలవ్యాసములను ఆంగ్లీకరించి 1920లో కలకత్తా విశ్వవిద్యాలయము ద్వారా ప్రకటించిరి. ప్రశాంతచంద్ర మహలనోబిసు దానికి పీఠిక వ్రాసెను. ఆ వ్యాసములకు గ్రంథరూపమున వచ్చిన తొలి ఆంగ్లానువాదముగా దానికి ప్రసిద్ధి కలదు. ఇద్దరు యువకులు ఆంగ్ల దేశమువారికంటె ముందుగా ఆంగ్లమున ఈ పని చేయగలిగిరన్న, అది భాషా పరిశ్రమ ఫలమే.

అంతకంటె గొప్ప ఫలము మరియొకటి. పొయ్యిలో ఉప్పు పడినప్పుడు మంట పసుపువన్నె తాల్చుట అందరును చూచినదే. ఏ పదార్థము మండిన ఆ పదార్థమునకు తగిన వన్నె వెలుగునందు కనబడును. ఈ గుర్తులనుబట్టియే సూర్యునిలోను నక్షత్రములలోను ఏయే ధాతువులు కలవో పండితులు కనుగొనుచుండిరి. కాని ఒక చిక్కు మిగిలెను. కొన్ని నక్షత్రములలో కొన్ని ధాతువుల గుర్తులు కనబడవు. సూర్యుని పై పొరలలో ఒక విధముగను, క్రింది పొరలలో ఒక విధముగను కనబడును. నక్షత్రముల పదార్థమే వేరువేరుగా ఉన్నదా అను సందేహము కలిగెను. 1919లో ఎగ్గర్టు అను శాస్త్రజ్ఞుడు నక్షత్రముల లోపలి స్థితిని గూర్చి ఒక జర్మను పత్రికలో వ్యాసము ప్రకటించెను. సాహా దానిని మూలముననే చదివెను. అందలి పద్ధతి గొప్పదనియు, లెక్కలో లోపము కలదనియు గ్రహించెను. వేడిమి హెచ్చిన కొలది పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడివడును. ఒత్తిడి తగ్గిన కొలది అది మరింత సులభమగును. ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి, ఎన్ని పరమాణువులు అట్లు విడివడునో చెప్పు సమీకరణమును ఆయన సాధించి 1920లో ప్రకటించెను. దీనితో నక్షత్రముల వన్నెలలోని భేదము ముఖ్యముగా వేడిమి భేదమేయని తేలెను. నేడును ప్రపంచమంతట జ్యోతిర్భౌతిక శాస్త్రమున అది సాహా సమీకరణమనియే పిలువబడుచున్నది. అప్పటికాయనకు నిండ 27 ఏండ్లు లేవు. ఢాకా కళాశాలలో చేసిన ఎన్నిక ఏండ్లు గడచిన పిదప ఇట్లు పండెను.

పిదప లండనులో ఫౌలరు కడను, బెర్లినులో నెర్న్‌స్టు పరిశోధనాలయమునందును పనిచేసెను. 1921లో జర్మను పత్రికయందే తన సిద్ధాంతమును ప్రకటించెను. చదువుకొన్న భాషకు ఆ విధముగా ఋణము తీర్చుకొనెను. 1923 మొదలు 1938 వరకు అలహాబాదున ఆచార్యుడు. 1927లో రాయల్ సొసైటీ సభ్యుడు. నోబెలు బహుమానమునకు పలుమారులు ప్రతిపాదింపబడినను అది లభింపలేదు. తిరిగి కలకత్తా చేరి పరమాణు పరిశోధనకు ఒక సంస్థను నిర్మించెను. 1950లో ఐరీన్ జోలియో క్యూరీ దానిని ప్రారంభించెను. నేడది ఆయన పేరనే వెలయుచున్నది.

పల్లెలో పుట్టినవాడగుటచే వరదల బాధ ఆయనకు తెలియును. 1943లో దామోదర నది వరదలు వచ్చినప్పుడు ఆ నదీలోయ సమస్యను గూర్చి విరివిగా వ్రాసెను. 1948లో దామోదర లోయ సంస్థ ఏర్పడెను. 1952లో లోకసభకు ఎన్నికయ్యెను. పంచాంగ సంస్కరణ సంఘమునకు అధ్యక్షత వహించెను. దేశమున వాడుకలోనున్న 30 రకముల పంచాంగములను ఆ సంఘము పరిశీలించెను. మన పంచాంగముల సంవత్సరము ఋతువుల సంవత్సరముకంటె సుమారు 24 నిమిషములు పెద్దది. ఏటేట చేరిన ఆ నిమిషములు శతాబ్దములలో దినములై, డిసెంబరు 22 ప్రాంతమున జరుగు ఉత్తరాయణ ప్రవేశమునకు జనవరి 14న పండుగ చేసికొనుచున్నాము. చిన్న పొరపాటును ప్రతి సంవత్సరము ముందునకు తెచ్చిన ఖాతా ఏమగునో దీనివలన తెలియును. సంఘపు నివేదిక 1955లో వెలువడెను. శకాబ్దమును గ్రహించిన జాతీయ పంచాంగము 1957 మార్చి 22న, శకము 1879 చైత్రము 1న అమలునకు వచ్చెను.

దానిని చూచుటకు ఆయన లేడు. 1956 ఫిబ్రవరి 16వ తేదీన ఢిల్లీలో ప్రణాళికా సంఘపు కార్యాలయమునకు నడచిపోవుచు దారిలో కుప్పకూలి మరణించెను. అప్పటికి వయస్సు 62 సంవత్సరములు.

తూకపు రాళ్ల నడుమ ముగియవలసిన బ్రతుకు నక్షత్రములను తూచునంతటి ఎత్తునకు ఎదిగెను. దానికి అన్న త్యాగము, ఒక వైద్యుని అన్నము, ఒక గురువు చెప్పిన పాఠము, ఒకరి బీరువాలోని గ్రంథములు తోడ్పడెను. కాని వీనినన్నిటిని ఫలవంతము చేసినది, పరీక్షకు సులభమైనదేది యని గాక, విద్యకు అవసరమైనదేది యని తలంచి చేసికొన్న ఎన్నిక. గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు ఈ జీవితమును చదివి, చేతికందని పుస్తకము ఏ భాషలోనున్నను దానిని అందుకొనుటకు మెట్టు కట్టుకొందురుగాక. తల్లిదండ్రులు ఆ మెట్టును తీసివేయకుందురుగాక.