సర్ విక్టర్ హార్స్‌లీ

నాడీమండల శస్త్రచికిత్సకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు విక్టర్ హార్స్‌లీ. ఆయన 1857 ఏప్రిల్ 14న లండనులో జన్మించాడు. తండ్రి జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ పేరుపొందిన చిత్రకారుడు. 1843లో తొలి క్రిస్మస్ శుభాకాంక్షల కార్డును చిత్రించినది ఆయనే. కుమారుడు వైద్యవిద్య వైపు మొగ్గి, 1886లో పక్షవాత, మూర్ఛ రోగుల కోసం వెలసిన లండను జాతీయ వైద్యశాలలో శస్త్రవైద్యుడుగా నియమితుడయ్యాడు.

మరుసటి సంవత్సరం ఒక సైనికాధికారి ఆయన వద్దకు చేరాడు. 1884లో ఎడమ రెక్క ఎముక కింద మొదలైన నొప్పి అతణ్ణి మూడేళ్లుగా పీడిస్తున్నది. ఎందరో వైద్యులు పరీక్షించినా కారణం తేలలేదు. అది కేవలం మనోవికారమని తలచినవారూ ఉన్నారు! క్రమంగా అతని కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి, మూత్రంపై అదుపు తప్పింది.

వెన్నుపాములో పుట్టే కంతులు పెద్దలలో అరుదు. ఇరుకైన ఎముక గొట్టంలో పెరిగే చిన్న గడ్డ సైతం వెన్నుపామును నొక్కివేస్తుంది. ఫ్లోరైడు నీటివల్ల వెన్నెముక గట్టిపడిన నల్గొండ ప్రాంత రోగులలోనూ ఇటువంటి లక్షణాలే కనిపించడం కద్దు. కనుక రోగలక్షణం ఒకటే అయినా మూలం వేరు కావచ్చు. ఎక్స్-కిరణాలు 1895లో గాని వెలుగు చూడలేదు. ఎం.ఆర్.ఐ. మాట సరేసరి. స్పర్శజ్ఞానం ఎంతవరకు ఉన్నది, ఎక్కడ నశించినది, నొప్పి ఏ పక్కటెముక వెంబడి పాకుతున్నది అన్నవే ఆనాటి వైద్యునికి ఆధారాలు. విలియం గోవర్స్ అనే నాడీవైద్యుడు వాటిని ఓపికగా పరిశీలించి, వీపు పైభాగంలో కంతి ఉన్నదని నిర్ధారించాడు.

1887 జూన్ 9న హార్స్‌లీ కత్తి పట్టాడు. వెన్నుపూసల వెనుకభాగపు ఎముకను తొలగించి చూడగా, ఊహించిన చోట ఏమీ కనబడలేదు. గాయాన్ని మూసివేసి ఉంటే ఆ రోగి జీవితాంతం మంచానికే అంకితమయ్యేవాడు. సహాయకుడు చార్లెస్ బాలెన్స్ మరొక ఎముక పైకి చూడవలసినదని పట్టుబట్టాడు. హార్స్‌లీ దానిని మన్నించి ఆ ఎముకనూ తీశాడు. అక్కడ బాదంగింజ ఆకారంలో కంతి వెన్నుపామును అదుముతూ కనిపించింది. పేరున్న వైద్యుడు సహాయకుని మాట ఆలకించడం ఆ రోజులలో చిన్న విషయమేమీ కాదు.

తరువాత కొన్ని వారాలు రోగి తీవ్రమైన బాధ అనుభవించాడు. క్రమంగా కాళ్లకు కదలిక వచ్చింది. ఏడాది తిరిగేసరికి నడుస్తూ, రోజుకు పదహారు గంటలు పని చేయగలిగాడు. ముందుగా స్థానాన్ని నిర్ధారించి వెన్నుపాము కంతిని విజయవంతంగా తొలగించిన మొదటి సందర్భంగా ఇది వైద్యచరిత్రకెక్కింది.

1902లో హార్స్‌లీకి సర్ బిరుదు లభించింది. మద్యపానాన్ని నిరసించడంలోను, స్త్రీల ఓటుహక్కును సమర్థించడంలోను ఆయన వెనుకంజ వేయలేదు. ఆ మొండితనం వల్ల శత్రువులనూ సంపాదించుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో మెసపొటేమియాకు వెళ్లి, క్షతగాత్రులకు కనీస వసతులు లేవని అధికారులతో పోరాడాడు. మండుటెండలలో విశ్రమించక తిరుగుతూ వడదెబ్బకు గురై, 1916 జూలై 16న అమారా పట్టణంలో కన్నుమూశాడు. ఆయనను అక్కడనే ఖననం చేశారు.